పచ్చదైతే పో

కరీంనగర్‌లో జగిత్యాల రోడ్డు మీద ఫిలిప్ షెడ్డు ముందు ఎప్పుడు చూసినా రెండు మూడు పెద్ద కార్లు బానెట్లు తెరుచుకుని ఉంటాయి. అన్నీ ఒకప్పుడు హైదరాబాదులో పెద్దమనుషుల్ని మోసినవే. వాళ్ల మోజు తీరి, కంపెనీ వారంటీ కూడా తీరాక ఇటువైపు వస్తాయి. ఇక్కడ వాటిని కొన్నవాళ్లు ముందు బంపరుకు నిమ్మకాయలు కడతారు, సీట్ల మీద కొత్త తువ్వాళ్లు పరుస్తారు, పిల్లలు ఎక్కేముందు చెప్పులు విప్పిస్తారు. ఇంజన్ ఆయిల్ సంగతి మాత్రం మరిచిపోతారు. ఆ మరుపు లేకపోతే ఫిలిప్‌కు తిండి లేదు.

ఫిలిప్ హైదరాబాదులో ఒక పెద్ద షోరూములో సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేసి వచ్చినవాడు. చేతికి మసి అంటని ఉద్యోగం అది. కారు యజమాని తన బాధ తన మాటల్లో చెబితే మెకానిక్కుకు అర్థమయ్యేలా మార్చాలి. మెకానిక్కు చెప్పింది విని, యజమాని భయపడకుండా మళ్లీ మార్చి చెప్పాలి. అవతలివాడు ఏమంటున్నాడో సగం మాటలోనే పట్టేస్తానని ఫిలిప్‌కు గొప్ప. ఆ గొప్పతోనే సొంత ఊరికి తిరిగొచ్చి, షెడ్డు పెట్టి, ఇద్దరు మెకానిక్కుల్ని కుదుర్చుకుని, ఆదిలాబాదు దాకా ఉన్న పాత లగ్జరీ కార్ల యజమానులందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు.

గ్రూపులో రోజూ పొద్దున ఒక వాయిస్ మెసేజ్ పెడతాడు. ఇంట్లో తల్లితో మాట్లాడే మాట వేరు, మెసేజ్‌లో మాట వేరు. మెసేజ్‌లో షోరూము తెలుగు వస్తుంది, మధ్యమధ్య చిన్న వెటకారం కూడా. రేడియేటర్‌లో బోరునీళ్లు పోయవద్దు, ఆ నీళ్లకు మన పళ్లే గారపడుతున్నాయి, ఇంజన్ ఎంత అంటాడు. పత్తి ఇంట్లో పోసుకున్నవాళ్లు కారును ఆ గోడ పక్కన ఆపవద్దు, ఎలుకలకు పత్తి కన్నా వైర్లే రుచి అంటాడు. బరాత్‌కు కారు ఇచ్చేవాళ్లు బానెట్ ముందరి జాలీ మీద పూలు కట్టనివ్వవద్దు, పెళ్లికొడుకు సంగతి తరువాత, ముందు ఇంజన్‌కు ఊపిరాడాలి అంటాడు. ప్రతి మెసేజ్ చివరా మీటరు దగ్గర వెలిగే లైట్ల గురించి తాను కట్టిన మాట ఒకటి తప్పకుండా చెబుతాడు.

"ఎర్రదైతే ఆపు, పసుపుదైతే చూపు, పచ్చదైతే పో."

జనానికి ఆ మాట బాగా పట్టింది. ఒకాయన దాన్ని స్టిక్కరు చేయించి కారు వెనక అద్దానికి అంటించుకున్నాడు.

బోథ్‌లో ఉండే సదానందానికి ఫిలిప్ మాటంటే గురి. సదానందం దుబాయిలో చాలాకాలం టైల్స్ పని చేశాడు. పెద్ద హోటళ్ల గుమ్మాల ముందు పాలరాయి పరిచేవాడు. పని పూర్తయిన మర్నాటి నుంచి ఆ రాయి మీద నల్లటి పొడుగాటి కార్లు వచ్చి ఆగేవి, తాను మాత్రం పక్క గేటు నుంచి పోవాలి. తిరిగి వచ్చి సోయా, పత్తి వేసుకుంటూ కుదురుకున్నాక, అలాంటి నల్లటి కారే పాతది ఒకటి కొన్నాడు. తన ఇంటి ముందు సొంత చేత్తో బండలు పరిచి, ఆ బండల మీద దాన్ని నిలబెట్టాడు.

గ్రూపులో పేరు సదానందానిదే అయినా మెసేజ్ వినేది అతని భార్య జమున. పొద్దున పొయ్యి దగ్గర ఫోను పెట్టుకుని, ఫిలిప్ చెప్పేదంతా వింటూ రొట్టెలు చేస్తుంది. ఎలుకల సంగతి విన్నరోజునే పత్తి బస్తాలన్నీ అవతలి గదిలోకి మార్పించింది. బోరునీళ్ల డబ్బా పట్టుకుని బానెట్ తెరిచిన మొగుడిని ఆపింది కూడా ఆమే. ఈ సంగతులు ఫిలిప్‌కు తెలుసు. సదానందమే నవ్వుతూ చెప్పాడు, నీ శిష్యురాలు నన్ను కారును తాకనిస్తలేదని.

సదానందం అక్క కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుంది. ఆ గృహప్రవేశానికి మొగుడూ పెళ్లాలు కారులో బయలుదేరారు. అక్క ఇంటి ముందు ఆ కారు దిగడం కోసం సదానందం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడు. నిర్మల్ ఘాట్ దిగాక మీటరు దగ్గర ఒక లైటు వెలిగింది. ఆగి చూద్దామా అని సదానందం అన్నాడు. ఫిలిప్‌ను అడిగితే పోలేదా అని జమున ఫోను చేసింది.

ఆ సమయానికి ఫిలిప్ ఒక కారు ముందు నిలబడి, ఫోను స్టాండుకు పెట్టి, బ్యాటరీ గురించి వీడియో తీసుకుంటున్నాడు. బాగా వస్తున్న మాట మధ్యలో ఫోను మోగింది. విసుగ్గా ఎత్తాడు.

"తమ్మీ, జర చెప్పు. మీటరు కాడ లైటు ఎలుగుతుంది. నూనె చెంబు లెక్క బొమ్మ ఉన్నది" అంది జమున.

ఎర్రదా అని అడిగాడు ఫిలిప్.

"ఎర్రది గాదు. పచ్చది."

"పచ్చదైతె ఏం గాదు వదినా. పోనియ్యుండ్రి" అని ఫోను పెట్టేసి, బ్యాటరీ దగ్గరికి తిరిగి వచ్చాడు.

కోరుట్ల దాటాక ఎర్ర లైటు వెలిగింది. సదానందం వెంటనే పక్కకు తీసి ఆపాడు కానీ, అప్పటికే ఇంజన్‌లో రాళ్లు పోసి కలిపినట్టు చప్పుడు వచ్చింది. మళ్లీ తాళం తిప్పితే తిరగలేదు. మధ్యాహ్నానికి ఆ నల్ల కారు లారీ మీద ఎక్కి ఫిలిప్ షెడ్డుకు వచ్చింది. లారీ ముందు క్యాబిన్ లోంచి పట్టుచీరతో జమున, ఇస్త్రీ చొక్కాతో సదానందం దిగారు. అక్కకు పెట్టాల్సిన చీర, పండ్లు ఉన్న స్టీలు తాంబాళం జమున చేతుల్లోనే ఉంది.

మెకానిక్కు ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాడు. తడి లేదు. ఫిల్టరు దగ్గరి వాషరు చితికి, దారి పొడుగునా ఆయిల్ కారిపోయింది. ఇంజన్ పట్టేసింది, ఇక అది పనికి రాదు. నూనె చెంబు బొమ్మ పసుపు రంగులో వెలిగితే ఆయిల్ తగ్గిందని అర్థం, అప్పుడే ఆపి ఒక డబ్బా పోసుకుంటే సరిపోయేదని ఫిలిప్ వివరంగా చెప్పుకొచ్చాడు. చుట్టూ మెకానిక్కులు, తమ కార్ల కోసం వచ్చిన యజమానులు నిలబడి వింటున్నారు.

సదానందం కోపంగా కాదు, అయోమయంగా అడిగాడు. "పోనియ్యమని నువ్వే చెప్తివి గద తమ్మీ?"

షెడ్డులో అందరూ ఫిలిప్ వైపు చూశారు.

"వదినె గ్రీన్ అని చెప్పింది అన్నా. గ్రీన్ అంటె నేనేం జెప్పాలె?"

జమున తలెత్తి, "నేను గ్రీన్ అనలే" అంది.

"అన్నరు వదినా. నా చెవులతోని విన్న."

అబద్ధం చెబుతున్నానని ఫిలిప్‌కు తెలియదు. అతని బుర్రలో ఉన్నది గ్రీన్ అనే మాటే. జమున మొగుడి వైపు చూసింది, చచ్చిపోయిన కారు వైపు చూసింది. ఇంతమంది మగవాళ్ల మధ్య, తెల్ల చొక్కా వేసుకున్న అడ్వైజరు అంత గట్టిగా చెబుతుంటే ఆమెకు తన మీదే అనుమానం వచ్చింది.

"అన్ననేమో. నాకు యాదికి లేదు" అంది.

సదానందం ఆమెను కేకలేయలేదు. రెండు కళ్లున్నాయి కదా అని మాత్రం అన్నాడు, మెల్లగా. తరువాత కారు పని గురించి ఫిలిప్‌తోనే మాట్లాడాడు. జమున తాంబాళం ఒళ్లో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరో చాయ్ ఇస్తే వద్దంది.

అప్పుడే ఫిలిప్ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. నూనె చెంబు బొమ్మ ఆకుపచ్చగా వెలిగే కారు ఈ భూమ్మీద లేదు. అది పసుపన్నా అవుతుంది, ఎరుపన్నా అవుతుంది. ఎర్రది కాదు అని ఆమె చెప్పాక మిగిలేది ఒక్కటే రంగు. ఈ మాట తాను వందమందికి చెప్పి ఉంటాడు. అయినా అప్పుడు వీడియో గోలలో ఉన్నాను, ఆమె తప్పు చెప్పింది, నేనేం చేయను అని ఆ ముల్లును అలాగే తొక్కేశాడు.

తొక్కేసి ఊరుకున్నా బాగుండేది. ఆ సాయంత్రమే ఒక మెసేజ్ పెట్టాడు. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేముందు పక్క సీటు లైసెన్సు ఇవ్వాలని, ముందు సీట్లో కూర్చునేవాళ్లకు రంగుల పరీక్ష పెట్టాలని, పసుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని మనిషిని పక్కన పెట్టుకుంటే ఇంజన్ ఊడి చేతికొస్తుందని. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, లారీ మీద ఉన్న నల్ల కారు ఫొటో మధ్యాహ్నమే ఎవరో గ్రూపులో పెట్టేశారు. ఫిలిప్ పెట్టిన మెసేజ్‌లన్నిటిలోకీ అదే ఎక్కువ తిరిగింది. మంచిర్యాల గ్రూపులకు పోయింది, నిజామాబాదుకు పోయింది. పెళ్లాం పక్కన కూర్చున్న ప్రతివాడూ పగలబడి నవ్వాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఫిలిప్ ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. తల్లి మగ్దలేనమ్మ ప్రార్థన చేసి, కోడిగుడ్డు పులుసు వడ్డించింది. ఆమెకు కొవ్వు ఎక్కువుందని డాక్టరు గుడ్డులో తెల్లది మాత్రమే తినమన్నాడు. తన గుడ్డును రెండు చెక్కలు చేసి, లోపలిది తీసి కొడుకు కంచంలో వేసింది.

"గీ పచ్చది నువ్వు తిను బిడ్డా" అంది.

ఫిలిప్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఏమన్నావని మళ్లీ అడిగాడు. పచ్చది తినమన్నాను, ఎందుకట్లా చూస్తున్నావు అని ఆమె విసుక్కుంది.

ఎర్రది గాదు, పచ్చది. జమున గొంతు అప్పుడు చెవిలో పడినట్టు వినబడింది. ఆమె నోట గ్రీన్ అనే మాటే రాలేదు. ఆమె పసుపును పసుపనదు. పసుపంటే ఆమెకు కూరలో వేసేది, గడపకు రాసేది. ఆ రంగు పేరు పచ్చ. తన తల్లికి కూడా అంతే. చిన్నప్పుడు తనకు కామెర్లు వస్తే కళ్లు పచ్చగయినయని ఏడ్చింది ఈ తల్లే. చర్చి గోడ పక్కన పచ్చగన్నేరు పూలు ఏరుకొచ్చి ఆడుకున్నది తానే. ఆ మాటలో పుట్టి ఆ మాటలో పెరిగి, షోరూములో నాలుగేళ్లు ఏసీ కింద కూర్చోగానే పచ్చ అంటే గ్రీన్ అయిపోయింది. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తాను మార్చి విన్నాడు. మార్చిన మాటను తీసుకెళ్లి అందరి ముందూ ఆమె నోట్లో పెట్టాడు.

అసలు తప్పు ఫోనులో కూడా లేదు. పచ్చదైతే పో అని ఏడాదిగా పొద్దున్నే వాళ్ల పొయ్యి దగ్గర చెబుతున్నది తానే. ఆ మాటే నమ్మి ఉంటే ఆమె ఫోను కూడా చేసి ఉండేది కాదు. అనుమానం వచ్చి అడిగింది. అడిగినందుకు ఆమెకు దక్కింది ఇదీ. ఫిలిప్ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. గుడ్డు పచ్చసొన నీళ్లలో తేలింది.

వెంటనే ఫోను తీసి చెప్పేసి ఉండవచ్చు. తీశాడు, పెట్టేశాడు. చెబితే పోయేది కారు పని ఒక్కటే కాదు. సగం మాటలో పట్టేసే అడ్వైజరు పూర్తి మాటనే తప్పు విన్నాడంటే, ఇక పొద్దున్నే అతని గొంతు ఎవరు వింటారు? రెండు రోజులు ఆగితే అందరూ మరిచిపోతారు అనుకున్నాడు. తప్పు చేసినవాడికి జనం మరుపు మీద ఎప్పుడూ గొప్ప ఆశే ఉంటుంది.

చెప్పడం మానేసి మంచితనం మొదలుపెట్టాడు. హైదరాబాదు నుంచి మంచి పాత ఇంజన్ ఒకటి వెతికించి తానే పోయి తెచ్చాడు. పని కూలి ఒక్క పైసా వద్దన్నాడు. గీతలు పడ్డ తలుపులకు రంగు వేయించాడు, ఎవరూ అడగకపోయినా సీట్లు కడిగించాడు. సదానందం మురిసిపోయి, మా ఇంటిది తప్పు చేస్తే ఫిలిప్ తమ్ముడు తన తప్పులాగ మీదేసుకున్నడని గ్రూపులో వాయిస్ పెట్టాడు. దాని కింద దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. ఫిలిప్ ఆ రోజు షెడ్డు తొందరగా మూసేశాడు.

మరోరోజు సదానందం ఫోను చేసి, జమునను ఆదిలాబాదులో కంటి క్యాంపుకు తీసుకుపోయానని చెప్పాడు. రంగుల పుస్తకం చూపించారట, అన్నీ సరిగ్గానే చెప్పిందట. కళ్లు బాగానే ఉన్నాయి, ధ్యాసే లేదు అని నవ్వాడు. ఇప్పుడు కారు సంగతి ఎత్తితే ఏమీ మాట్లాడడం లేదని, పొద్దున మెసేజ్ కూడా వినడం మానేసిందని మాటల్లో మాటగా అన్నాడు. ఫిలిప్ ఏవో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. అన్నీ సరిగ్గా చెప్పిన మనిషిని తీసుకుపోయి కళ్లు పరీక్ష చేయించారు. ఆ పరీక్ష పెట్టించింది తన మెసేజేనని తెలిసి సిగ్గుపడ్డాడు.

ఆ ఆదివారం చర్చిలో సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. మనసులో తప్పు దాచుకున్నవాళ్లు దాన్ని తీసుకోకూడదు. వరస కదిలినప్పుడు మగ్దలేనమ్మ లేచింది, ఫిలిప్ లేవలేదు. పక్కవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చినా బెంచీ మీదే కూర్చున్నాడు. ఇంటికి వచ్చే దారిలో తల్లి, ఎవరితోనైనా కొట్లాటనా అని అడిగింది. కొట్లాటైతే బాగుండునే అవ్వా అన్నాడు.

కారు తయారయ్యాక తానే నడుపుకుంటూ బోథ్ పోయాడు. దారంతా కొత్త ఇంజన్ చప్పుడు చక్కగా ఉంది. ఆ చప్పుడు వింటూ, ఎలా మొదలుపెట్టాలో పదిరకాలుగా అనుకున్నాడు. కస్టమరుకు భయం కలగకుండా చెప్పే షోరూము వాక్యాలే అన్నీ వచ్చాయి. ఏ వాక్యంలోనూ తప్పు ఎవరిదో తెలియడం లేదు.

సదానందం బండల మీద కారును నిలబెట్టించి, చుట్టూ తిరిగి చూసుకుని, మంచం వాల్చి కూర్చోబెట్టాడు. జమున లోపలి నుంచి చాయ్ తెచ్చింది. మనిషి చిక్కిపోయింది. బాగున్నారా సారూ అంది. ఎప్పుడూ తమ్మీ అనే మనిషి. ఫిలిప్ కప్పు అందుకోకుండా లేచి నిలబడ్డాడు.

"వదినా, మీరు గ్రీన్ అనలే. పచ్చ అన్నరు. మన దిక్కు పచ్చ అంటె పసుపే. మా అవ్వ గూడ గట్లనే అంటది. నేనే తప్పు విన్న. తప్పు విని, మీరే అన్నరని పదిమందిల చెప్పిన."

సదానందం ఆ మాటను లోపల రెండుసార్లు తిప్పుకున్నాడు. పచ్చ, పసుపు. అవును కదా అన్నట్టు తల ఊపాడు, తరువాత నవ్వేశాడు. "గంతేనా? ఇగ పోనియ్ తమ్మీ. ఇంజన్ వచ్చింది గద. గ్రూపుల మాత్రం పెట్టకు, నీ పేరు ఖరాబైతది. అందరు మర్చిపోయిండ్రు" అన్నాడు.

ఇన్నాళ్లూ భార్య మీద మోపిన తప్పును, అది ఫిలిప్‌దని తెలియగానే, చాయ్ చల్లారేలోపు మాఫీ చేసేశాడు. ఆమెతో ఒక్క మాట అనలేదు. అది తప్పని కూడా అతనికి తోచినట్టు లేదు. అంతకన్నా సిగ్గుచేటు ఏమిటంటే, గ్రూపులో పెట్టకు అనగానే ఫిలిప్ గుండెలోంచి బరువు దిగింది. సరే అన్నా అనేశాడు. అని, జమున వైపు చూశాడు.

ఆమె ఏడవలేదు, నవ్వలేదు. చాయ్ చల్లారుతోందని గుర్తుచేసింది.

బయలుదేరేటప్పుడు ఆమె పెరటి చెట్టు నుంచి ఒక బొప్పాయి కోసి తెచ్చి సంచిలో పెట్టింది.

"అవ్వకు ఇయ్యుండ్రి సారూ. ఇంక కాయనే. జర ఆగి, పచ్చగ..."

ఆగిపోయింది. మొగుడి వైపు చటుక్కున చూసి, తల దించుకుంది.

"ఎల్లో అయినంక కోయుండ్రి" అంది.

ఫిలిప్ బస్సులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. కారు పోతే ఇంజన్ తెచ్చి పెట్టాడు. ఈ పోయినదానికి ఏ షెడ్డులో సామాను దొరుకుతుంది? పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్న మాట, తల్లి నేర్పిన రంగు, దాన్ని పలకడానికి ఆమె ఇప్పుడు మొగుడి ముఖం చూస్తోంది. నాలుగు గోడల మధ్య ఒప్పుకున్న తప్పు ఎవరికి కావాలి? నవ్వింది ఊరంతా.

మగ్దలేనమ్మ బొప్పాయిని కాగితంలో చుట్టి అలమర మీద పెట్టింది. మర్నాడు పొద్దున ఫిలిప్ ఫోను ముందు కూర్చుని, వైపర్ల గురించి మాట్లాడాడు. ఆ మర్నాడు టైర్ల గాలి గురించి. చివర్న ఎర్రదైతే ఆపు అని మొదలుపెట్టి, పూర్తి చేయలేక దగ్గినట్టు నటించి ఆపేశాడు. తల్లి రోజూ కాగితం విప్పి చూస్తోంది. ఇంకా పండలేదు అంటే, గ్రూపులో చెప్పడానికి అతనికి ఇంకో రోజు గడువు దొరికినట్టుంది.

ఒక పొద్దున వంటింట్లోంచి కేక వినబడింది.

"పచ్చగయింది బిడ్డా. కోద్దునా?"

ఆగమన్నాడు. వాకిట్లోకి వచ్చి, మెట్టు మీద కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. షోరూము తెలుగు రాలేదు. రానివ్వలేదు.

"నేను ఫిలిప్‌ను. బోథ్ సదానందమన్న కారు ఇంజన్ పోయింది నా మాటతోని. జమున వదినె పచ్చ లైటు అన్నది. పచ్చ అంటె పచ్చనే, గుడ్డుల ఉండే పచ్చ. ఆమె సక్కగ చెప్పింది. నేను గ్రీన్ అని విన్న. విని, ఆమెకే రంగులు తెల్వయని మీ అందరిని నవ్వించిన. మీరు నవ్వింది నా తప్పును చూసి. ఆ మెసేజ్ ఎవరి ఫోనుల ఉన్నా తీసేయుండ్రి. పచ్చదైతే పో అని నేను చెప్పిన మాట గూడ తీసేయుండ్రి. మీటరు కాడ పచ్చది కనబడితె ఆపుండ్రి."

వేలు తీసేశాడు. మెసేజ్ పోయింది.

గ్రూపులో ఒక్కొక్కరే విన్నారు. తరువాత ఒకాయన, అయితే మా కార్లకు నువ్వు చెప్పినవి ఎన్ని సరైనవి అని అడిగాడు. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. స్టిక్కరు అంటించుకున్నాయన, దీన్ని గీకితే అద్దం పాడవుతుంది, ఏం చేయాలో సలహా చెప్పమన్నాడు. ఫిలిప్ సమాధానం రాయబోతుంటే మంచిర్యాల నుంచి ఎవరో పరిచయం లేని మనిషి ఒక వాయిస్ పంపాడు, భలే నవ్వొచ్చింది వినండి అని. తెరిస్తే అది తన పక్క సీటు లైసెన్సు మెసేజే. అది ఇంకా తిరుగుతూనే ఉంది. తీసేయమన్న మాట దాని వెనకాల ఎక్కడిదాకా పోగలదో అతనికి తెలియదు. తన గొంతు తాను విని, సగంలో ఆపేశాడు.

మధ్యాహ్నం కావస్తుండగా సదానందం నంబరు నుంచి ఒక వాయిస్ వచ్చింది. గ్రూపులో, అందరూ వినేచోట. పెట్టొద్దని చెప్పినా పెట్టినందుకు కోప్పడతాడనుకుని భయంగానే నొక్కాడు. గొంతు సదానందానిది కాదు. వెనక కోళ్లు అరుస్తున్నాయి, పొయ్యి మీద ఏదో కాగుతున్న చప్పుడు వస్తోంది. గట్టిగ మాట్లాడు అని దూరం నుంచి సదానందం అంటున్నాడు. మాట్లాడబోయే మనిషి గొంతు సవరించుకుంది.

"తమ్మీ, బొప్పాయి పచ్చగయిందా?"

ఈసారి ఫిలిప్ ఆ మాటను ఆమె అన్నట్టే విన్నాడు. అయింది వదినా, పచ్చగయింది అని చెప్పడానికి వేలు నొక్కి పట్టుకున్నాడు.